పురుగుమందుల విషప్రభావం – నాడీమండల ఉపద్రవాలు: చికిత్సా చరిత్ర పరిశీలన

వ్యాస సంగ్రహం

ఆర్గానోఫాస్ఫరస్ వర్గానికి చెందిన పురుగుమందులు నాడీమండలాన్ని మూడు వేర్వేరు కాలవ్యవధుల్లో దెబ్బతీస్తాయి. మొదటి ప్రభావం నిమిషాల నుంచి గంటలలోపు, రెండవది ఒకటి నుంచి నాలుగు రోజులలోపు, మూడవది రెండు మూడు వారాల తరువాత కనిపిస్తుంది. వైద్యశాస్త్రం ఇవే దశలను ఈ వరుసలో గుర్తించలేదు. మూడవ దశ 1930లోనే బయటపడగా, ప్రాణాపాయం ఎక్కువగా ఉన్న రెండవ దశకు 1987లో గాని స్థిరమైన పేరు రాలేదు. ఈ వ్యాసం ఆ క్రమవ్యత్యయానికి కారణాలను పరిశీలిస్తుంది. అట్రోపిన్, ఆక్సిమ్, కృత్రిమ శ్వాస అనే మూడు చికిత్సా మార్గాల పరిణామాన్ని వివరిస్తుంది. 1997–2002 మధ్య వరంగల్ ప్రభుత్వాసుపత్రి గణాంకాల ఆధారంగా, తెలిసిన జ్ఞానానికీ అందిన చికిత్సకూ మధ్య ఉన్న దూరాన్ని చర్చిస్తుంది.

కీలక పదాలు: ఆర్గానోఫాస్ఫరస్, ఎసిటైల్‌కోలిన్, అట్రోపిన్, ప్రాలిడాక్సిమ్, మధ్యంతర లక్షణసముదాయం, విలంబిత నాడీరుగ్మత, ఎండోసల్ఫాన్, వరంగల్.

1. ఉపోద్ఘాతం

తెలుగులో ‘మందు’ అనే మాటకు ఉన్న అర్థవిస్తృతి గమనింపదగినది. రోగాన్ని నయం చేసేదీ మందే, చేనుకు కొట్టేదీ మందే. పల్లెల్లో ‘మందు తాగాడు’ అన్న వాక్యానికి సందర్భాన్ని బట్టి మద్యం సేవించాడని, పురుగుమందు మింగాడని రెండు అర్థాలు వస్తాయి. ఒక తరం క్రితం ‘ఎండ్రిన్ తాగడం’ అన్న పలుకుబడి తెలుగునాట కథల్లోను, సినిమాల్లోను, నిత్యవ్యవహారంలోను ఆత్మహత్యకు పర్యాయపదంగా స్థిరపడింది. ఎండ్రిన్‌ను దేశంలో 1990లో నిషేధించిన తరువాత కూడా ఆ మాట వాడుకలో మిగిలింది. ఒక రసాయనం పేరు ఒక సమాజపు భాషలో ఇంతగా కలిసిపోవడం, ఆ సమాజం దానితో ఎంత సన్నిహితంగా జీవించిందో తెలుపుతుంది.

సామాజిక శాస్త్రాలలో రైతుల ఆత్మహత్యల మీద విస్తృతమైన చర్చ జరిగింది. అప్పులు, విత్తనాలు, విపణి, వర్షాభావం ఆ చర్చలో ప్రధానాంశాలు. విషం శరీరంలో చేరిన తరువాత రోగి నాడీమండలంలో ఏమి జరుగుతుంది, వైద్యులు దానిని ఎప్పుడు, ఎలా తెలుసుకున్నారు, తెలిసిన విషయం జిల్లా ఆసుపత్రి వార్డు వరకు ఎంత మేరకు చేరింది అన్న ప్రశ్నలు తెలుగులో చరిత్ర దృష్టితో అంతగా పరిశీలనకు రాలేదు. ఆసుపత్రికి చేరిన రోగి బ్రతకడం, బ్రతకకపోవడం చాలావరకు ఈ ప్రశ్నల సమాధానం మీద ఆధారపడి ఉన్నందున వీటిని వైద్యుల అంతర్గత విషయంగా విడిచిపెట్టడానికి వీలులేదు.

2. నాడీసంకేతం – శాస్త్రీయ నేపథ్యం

పురుగుమందుల నాడీప్రభావ చరిత్ర పురుగుమందులకంటె పాతది. పశ్చిమాఫ్రికాలోని కలబార్ ప్రాంతంలో నేరనిర్ధారణ కోసం నిందితుల చేత ఒక విషపుగింజను తినిపించే ఆచారం ఉండేది. ఎడింబరోకు చెందిన రాబర్ట్ క్రిస్టిసన్ 1855లో ఆ గింజను తానే రుచిచూసి ప్రభావాన్ని నమోదు చేశాడు. అదే నగరంలో థామస్ ఫ్రేజర్ 1862లో దానిమీద సిద్ధాంతవ్యాసం సమర్పించి, తరువాతి సంవత్సరాల్లో ఆ గింజలోని విషానికి అట్రోపిన్ విరుగుడుగా పనిచేస్తుందని జంతుప్రయోగాల ద్వారా చూపాడు. అట్రోపిన్ ఉమ్మెత్త కుటుంబానికి చెందిన బెల్లడోన్నా మొక్క నుంచి లభించే పదార్థం. ఈనాటికీ ఆర్గానోఫాస్ఫరస్ విషానికి ప్రథమ ఔషధం ఇదే. అంటే విరుగుడు, విషంకంటె దాదాపు ఏడు దశాబ్దాల ముందే మనిషి చేతిలో ఉన్నది.

ఈ విరుగుడు ఎందుకు పనిచేస్తుందో తెలియడానికి మరికొంత కాలం పట్టింది. ఆటో లోవీ 1921లో కప్ప గుండెల మీద చేసిన ప్రయోగం, నాడి నుంచి అవయవానికి సంకేతం రసాయన రూపంలో చేరుతుందని నిరూపించింది. ఆ రసాయనమే ఎసిటైల్‌కోలిన్. పని ముగిసిన వెంటనే దానిని విచ్ఛిన్నం చేసే ఎంజైమ్ ఎసిటైల్‌కోలినెస్టరేజ్. ఈ కృషికి లోవీకి, హెన్రీ డేల్‌కు 1936లో నోబెల్ బహుమతి లభించింది.

ఆర్గానోఫాస్ఫరస్ సమ్మేళనం ఆ ఎంజైమ్‌ను పట్టి నిలిపివేస్తుంది. విచ్ఛిన్నం కావలసిన ఎసిటైల్‌కోలిన్ నాడీసంధుల్లో పేరుకుపోతుంది. దాని ఫలితం ఒకేచోట కనిపించదు. గ్రంథుల వద్ద చొంగ, చెమట, ఊపిరితిత్తుల్లో స్రావాలు. కంటిలో సూదిమొనంత కుంచించుకుపోయిన పాపలు. గుండె వేగం మందగించడం. కండరాల్లో సన్నని అదురు, ఆపై బలహీనత. మెదడులో ఆందోళన, మూర్ఛ, అపస్మారం. మొదటి మూడింటికి మస్కరినిక్ గ్రాహకాలు, కండరాల మార్పుకు నికోటినిక్ గ్రాహకాలు కారణం. అట్రోపిన్ మొదటి రకం గ్రాహకాలను మాత్రమే అడ్డుకుంటుంది. రెండవ రకం మీద దానికి పట్టు లేదు. చికిత్సా చరిత్రలోని చిక్కులన్నింటికీ మూలం ఈ ఒక్క భేదంలోనే ఉన్నది.

3. ముందుగా తెలిసిన చివరి దశ: విలంబిత నాడీరుగ్మత

అమెరికాలో మద్యనిషేధం అమలులో ఉన్న రోజులలో, 1930లో, దక్షిణ, మధ్యపశ్చిమ రాష్ట్రాల్లో వేలమందికి కాళ్ళు పడిపోయాయి. రోగులలో అత్యధికులు పేదలు. వారందరూ ఔషధం పేరుతో అమ్ముడయ్యే జమైకా అల్లపు సారాన్ని మద్యానికి బదులుగా తాగినవారే. ప్రభుత్వ ప్రజారోగ్య విభాగానికి చెందిన మారిస్ స్మిత్, ఇలైయస్ ఎల్వోవ్ ఆ సారంలో ట్రైఆర్థోక్రెసిల్ ఫాస్ఫేట్ అనే కల్తీ పదార్థాన్ని కనుగొన్నారు. అది పురుగుమందు కాదు, పరిశ్రమల్లో ప్లాస్టిక్‌ను మెత్తబరచడానికి వాడే ద్రవం. కాని రసాయన కుటుంబం ఒక్కటే.

ఆ వ్యాధిలో విశేషమేమిటంటే తాగిన వెంటనే పెద్ద బాధ ఉండదు. వారాల వ్యవధిలో పిక్కల్లో నొప్పి, అరికాళ్ళలో తిమ్మిరి మొదలై, పాదాలు వేలాడబడి, కొందరిలో చేతి మణికట్లు కూడా జారిపోతాయి. నెలల తరువాత కొంత కోలుకున్నవారిలో కాళ్ళు బిగుసుకుపోయే లక్షణం మిగులుతుంది. పొడవైన నాడీతంతువులు చివరనుంచి మొదటికి క్షీణించడం ఇందుకు కారణం. జె.బి. కవనా 1954లో కోళ్ళమీద చేసిన అధ్యయనంలో ఈ క్షీణతను సవివరంగా చూపాడు. 1959లో మొరాకోలోని మెక్నెస్ పరిసరాల్లో విమాన ఇంజన్ల నూనె కలిసిన వంటనూనె తిని సుమారు 10,000 మంది ఇదే విధంగా వికలాంగులయ్యారు. ఇంగ్లండుకు చెందిన ఎం.కె. జాన్సన్ 1969లో ఈ దశకు ఎసిటైల్‌కోలినెస్టరేజ్‌తో సంబంధం లేదని, వేరొక ఎస్టరేజ్ ఎంజైమ్ దీనికి లక్ష్యమని ప్రతిపాదించాడు. తొలి దశకు పనిచేసే ఔషధాలు మూడవ దశను ఎందుకు నివారించలేవో దీనితో స్పష్టమైంది.

దక్షిణాసియాకు ఈ చరిత్రలో ఒక విషాదకరమైన పుట ఉన్నది. 1977–78లో శ్రీలంకలో 20 మందికి పైగా కిశోర బాలికలకు కాళ్ళు, చేతులు చచ్చుబడ్డాయి. రజస్వల అయిన బాలికకు బలం కోసం నువ్వులనూనె తాగించడం అక్కడి కుటుంబాల ఆచారం. ఆ నూనెలో ట్రైక్రెసిల్ ఫాస్ఫేట్ కలిసి ఉన్నట్లు నిమల్ సేనానాయకే, జె. జయరత్నం 1981లో ప్రకటించారు. రజస్వల అయిన పిల్లకు నువ్వులు, బెల్లం దంచి చిమ్మిలి పెట్టే తెలుగు ఇళ్ళకు ఈ సంఘటనలోని విషాదం ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. ప్రేమతో పెట్టిన పుష్టికరమైన ఆహారమే వాహకమైంది. వ్యాధి ఎవరికి వచ్చింది, ఎవరికి రాలేదు అని వైద్యులు ఆరా తీయడం వల్లనే, ఇంటి ఆచారం తెలిసినందువల్లనే కారణం దొరికింది.

విలంబిత నాడీరుగ్మతకు ఈనాటికీ ఔషధం లేదు. వ్యాయామ చికిత్స, పాదానికి ఊతపట్టీలు, ఓపిక మాత్రమే ఉన్నాయి.

4. తొలి దశ: పొలంలోకి వచ్చిన విషం

1932లో బెర్లిన్‌లో విల్లీ లాంగె, ఆయన విద్యార్థిని గెర్డా ఫాన్ క్రూగర్ కొన్ని ఫాస్ఫరస్ సమ్మేళనాలను తయారుచేస్తూ, ఆవిరి పీల్చిన కొద్దిసేపటికే ఊపిరి ఆడకపోవడాన్ని, చూపు మసకబారడాన్ని నమోదు చేశారు. కొన్నేళ్ళకు లెవర్‌కూజెన్‌లో కీటకనాశనుల కోసం అన్వేషిస్తున్న గెర్హార్డ్ ష్రాడర్ 1936లో టాబూన్‌ను తయారుచేశాడు. ఆయనా, సహాయకుడూ దాని ఆవిరికి గురై కొన్ని వారాలు పనికి దూరమయ్యారు. జర్మన్ సైన్యం దానిని యుద్ధవాయువుగా స్వీకరించింది. ష్రాడర్ అన్వేషణ నుంచే 1944లో పారాథియాన్ వచ్చింది. యుద్ధం ముగిశాక అది ప్రపంచవ్యాప్తంగా పొలాలకు చేరింది. భారతదేశంలో ‘ఫోలిడాల్’ అన్న వ్యాపారనామంతో పరిచితమైంది.

1958లో కేరళలో రవాణా సమయంలో పారాథియాన్‌తో కలుషితమైన గోధుమపిండి తిని వందమందికి పైగా మరణించారు. స్వతంత్ర భారతంలో పురుగుమందుల విషప్రభావం ప్రజాసమస్యగా గుర్తింపు పొందడానికి ఈ దుర్ఘటన నాంది. దానిపై జరిగిన విచారణ, తదనంతర చర్చల ఫలితమే 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టం. 1971 నియమాల ప్రకారం డబ్బామీద విషతీవ్రతను తెలిపే ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ త్రిభుజాలు, లోపలి పత్రంలో విషలక్షణాలు, విరుగుడు వివరాలు ఉండాలి. ఆసుపత్రికి రోగితోపాటు డబ్బాను కూడా తెచ్చినప్పుడే ఆ సమాచారం వైద్యునికి ఉపయోగపడుతుంది.

తొలి దశ చికిత్సలో అట్రోపిన్ స్థానం వివాదరహితమైనప్పటికీ, ఎంత, ఎంత వేగంగా ఇవ్వాలన్నది చాలాకాలం వైద్యుని అనుభవానికే విడిచిపెట్టబడింది. నియమిత మోతాదును నియమిత వ్యవధుల్లో ఇవ్వడం అనేక ఆసుపత్రుల అలవాటు. దీనికి భిన్నంగా, ప్రతి కొద్ది నిమిషాలకు మోతాదును రెట్టింపు చేస్తూ, ఊపిరితిత్తులు తేటపడి, గుండె వేగం, రక్తపోటు నిలదొక్కుకొని, చంకలు పొడిబారేవరకు కొనసాగించి, ఆపై సన్నని ధారగా ఎక్కించే పద్ధతిని శ్రీలంకలో పనిచేసిన మైఖేల్ ఎడిల్‌స్టన్ బృందం ప్రచారంలోకి తెచ్చింది. బంగ్లాదేశ్‌లోని చిట్టగాంగ్‌లో 156 మంది రోగులపై జరిగి 2012లో ప్రచురితమైన పరీక్షలో పాత పద్ధతి పొందినవారిలో సుమారు 22 శాతం, రెట్టింపు పద్ధతి పొందినవారిలో 8 శాతం మరణించారు. ఔషధం అదే, ఖర్చులో పెద్ద తేడా లేదు. తేడా వచ్చింది పక్కనే నిలబడి గమనించే మనిషి వల్ల.

అట్రోపిన్ అతిగా చేరితే జ్వరం, మతిభ్రమ, మూత్రం బిగబట్టడం కలుగుతాయి. ఆ మతిభ్రమను విషలక్షణంగా పొరబడి మరింత అట్రోపిన్ ఇచ్చే ప్రమాదం ఉన్నది. కనుక తొలి దశలోని నాడీలక్షణాలను చదవడంలో విషమేదో, విరుగుడేదో వేరుచేయడం కూడా భాగమే.

5. చివరికి పేరు పొందిన మధ్య దశ

రోగి మొదటి రోజు గట్టెక్కుతాడు. చొంగ తగ్గుతుంది, స్పృహ వస్తుంది, బంధువులతో మాట్లాడతాడు. రెండవ రోజో మూడవ రోజో రాత్రివేళ శ్వాస ఆగిపోతుంది. ఈ మరణాలను గుండె ఆగిపోవడంగానో, విషం తిరగబెట్టడంగానో భావించిన కాలం ఒకటి ఉన్నది.

ఈ అనుభవాన్ని క్రమబద్ధంగా పరిశీలించినవారిలో పుణేకు చెందిన ఆర్.ఎస్. వాడియా బృందం ముఖ్యమైనది. 200 మంది రోగులను వరుసగా పరిశీలించి 1974లో ప్రచురించిన వ్యాసంలో వారు నాడీలక్షణాలను రెండుగా విభజించారు. చేరేసరికే కనిపించి అట్రోపిన్‌కు లొంగేవి మొదటి రకం. చేరిన కొంతకాలానికి, అట్రోపిన్ ఇస్తుండగానే తలెత్తి, దానికి లొంగని బలహీనతలు రెండవ రకం. భుజాలు, తొడల వంటి మొదటి కండరాలు, ముఖంలోని నాడులు, శ్వాసకండరాలు ఈ రెండవ రకంలో దెబ్బతింటాయి.

1987లో శ్రీలంక వైద్యులు సేనానాయకే, లక్ష్మన్ కరల్లియద్దె పదిమంది రోగుల వివరాలను ప్రచురించి ఈ దశకు ‘మధ్యంతర లక్షణసముదాయం’ అని పేరు పెట్టారు. విషం చేరిన 24 నుంచి 96 గంటలలోపు మెడ ముందరి కండరాలు, చేతులు, కాళ్ళ మొదళ్ళు, ముఖనాడులు, శ్వాసకండరాలు బలహీనపడ్డాయి. నలుగురికి అత్యవసరంగా కృత్రిమ శ్వాస కావలసివచ్చింది. ముగ్గురు మరణించారు. పక్షవాత లక్షణాలు 18 రోజుల వరకు కొనసాగాయి. ఒకరిలో తరువాత విలంబిత నాడీరుగ్మత కూడా కనిపించింది. నాడీకండర సంధి పరీక్షలు లోపం సంధికి ఆవల, కండరం వైపు ఉన్నదని సూచించాయి. రోగులు మింగినవి ఫెంథియాన్, మోనోక్రోటోఫాస్, డైమెథోయేట్, మెథమిడోఫాస్. వీటిలో మోనోక్రోటోఫాస్ తెలుగు పత్తిరైతుకు చిరపరిచితమైన పేరు.

మొదటి దశకూ మూడవ దశకూ నడుమనున్న ఈ దశ అన్నింటికంటె ఆలస్యంగా గుర్తింపు పొందడానికి మూడు కారణాలు కనిపిస్తాయి. ఒకటి, తొలి దశను దాటి బ్రతికిన రోగులు ఉన్నచోటనే మధ్య దశ కనిపిస్తుంది. అట్రోపిన్ తగినంతగా లభించనప్పుడు ఆ రోగులు తొలి రోజే మరణించేవారు. రెండు, 1952 నాటి కోపెన్‌హేగెన్ పోలియో వ్యాధివ్యాప్తి తరువాత విస్తరించిన కృత్రిమ శ్వాస విధానం చేరినచోట మాత్రమే శ్వాస ఆగిన రోగిని రోజులతరబడి నిలిపి పరీక్షించడం సాధ్యమైంది. మూడు, పాశ్చాత్య దేశాల్లో ఎక్కువగా కనిపించినది వృత్తిరీత్యా చర్మం, శ్వాస ద్వారా చేరిన విషం. ఒక్కసారిగా అధిక పరిమాణంలో విషం కడుపులో చేరిన రోగులు వార్డుల నిండా ఉన్నది దక్షిణాసియా ప్రభుత్వాసుపత్రులలోనే. అందుచేత ఈ జ్ఞానం పుణే, కాండీ వంటి పట్టణాల పడకల పక్కన పుట్టింది. సంపన్న దేశాల ప్రయోగశాలలు దాని తరువాత దానిని వివరించడానికి పూనుకున్నాయి.

ఈ దశను పసిగట్టడానికి యంత్రం అక్కరలేదు. వెల్లకిలా పడుకున్న రోగిని తలగడ మీదినుంచి తల ఎత్తమని అడగాలి. ఎత్తలేకపోతే మెడకండరాలు బలహీనపడుతున్నాయన్నమాట. శ్వాస తడబడడానికి కొన్ని గంటల ముందే ఈ సూచన కనిపించవచ్చు. కనుపాపలు మామూలుగా ఉండవచ్చు, గుండె నిలకడగా ఉండవచ్చు, రోగి స్పృహలోనే ఉండవచ్చు. తల మాత్రం లేవదు. నర్సు, గృహవైద్యుడు, చివరికి రోగి పక్కన కూర్చున్న బంధువు కూడా గమనించగల లక్షణమిది. చికిత్స కూడా సూత్రప్రాయంగా సరళమే: కండరాలు తిరిగి శక్తి పొందేవరకు రోజులో, వారాలో శ్వాసను యంత్రంతో నడిపించడం. కాని ఆ యంత్రం, ఆ పడక, ఆ కాపలా సరిపడా ఉన్నాయా అన్నది వైద్యశాస్త్రం జవాబివ్వగల ప్రశ్న కాదు.

6. ఆక్సిమ్ వివాదం

అట్రోపిన్ లక్షణాన్ని అణచగలదు గాని ఎంజైమ్‌ను విడిపించలేదు. ఆ పనికోసం కొలంబియా విశ్వవిద్యాలయంలో డేవిడ్ నాక్మన్‌సన్, ఇర్విన్ విల్సన్ చేసిన కృషి 1955లో ప్రాలిడాక్సిమ్‌కు దారితీసింది. జపాన్‌లో పారాథియాన్ బాధితులకు నంబా బృందం దానిని ఇచ్చి 1950ల చివరలో ఫలితాలు ప్రకటించింది. సిద్ధాంతం స్పష్టంగా ఉన్నది: విషాన్ని ఎంజైమ్ నుంచి ఊడదీస్తే అట్రోపిన్ చేరలేని కండరాలకు కూడా శక్తి రావాలి.

ఆచరణ అంత స్పష్టంగా లేదు. ఎంజైమ్‌కు అంటుకున్న విషం కొంతసేపటికి రూపం మార్చుకొని శాశ్వతంగా బిగుసుకుంటుంది. దీనిని ఎంజైమ్ ‘ముదరడం’ అనవచ్చు. డైమిథైల్ వర్గపు మందుల్లో సగం ఎంజైమ్ ముదరడానికి సుమారు 3.7 గంటలు, డైఇథైల్ వర్గంలో సుమారు 33 గంటలు పడుతుంది. మోనోక్రోటోఫాస్, డైమెథోయేట్ మొదటి వర్గానికి, క్లోర్‌పైరిఫాస్, క్వినాల్‌ఫాస్ రెండవ వర్గానికి చెందుతాయి. చేను నుంచి ఊరికి, ఊరినుంచి మండల కేంద్రానికి, అక్కడినుంచి జిల్లా ఆసుపత్రికి చేరేసరికి మొదటి వర్గంలో విరుగుడుకు అవకాశం చాలావరకు గడిచిపోతుంది.

పరీక్షల ఫలితాలు కూడా పరస్పర విరుద్ధంగా వచ్చాయి. మహారాష్ట్రలోని బారామతిలో కె.ఎస్. పవార్ బృందం 200 మందిపై జరిపి 2006లో ప్రచురించిన పరీక్షలో, ప్రాలిడాక్సిమ్‌ను 48 గంటలపాటు నిరంతర ధారగా పొందినవారిలో మరణాలు 1 శాతం, విడతలుగా పొందినవారిలో 8 శాతం. 2009లో శ్రీలంక నుంచి ఎడిల్‌స్టన్ బృందం 235 మందిపై జరిపిన పరీక్షలో మాత్రం ఔషధం పొందినవారిలో 24.8 శాతం, ఉత్తుత్తి మందు పొందినవారిలో 15.8 శాతం మరణించారు. ఈ తేడా గణాంక దృష్టితో నిర్ణయాత్మకం కాకపోయినా, ఔషధం మేలు చేసిందనడానికి ఆధారం దొరకలేదు. బారామతిలో రోగులు త్వరగా చేరడం, అందరికీ ఉన్నతస్థాయి సంరక్షణ లభించడం ఫలితాల భేదానికి కారణాలుగా చర్చకు వచ్చాయి. మింగిన మందు వర్గం, పరిమాణం, గడిచిన సమయం తెలియకుండా ఒకే విరుగుడును అందరికీ వర్తింపజేయడం సాధ్యం కాదన్నది ఈ వివాదం నేర్పిన పాఠం.

7. వరంగల్ సాక్ష్యం

1997–98 పంటకాలంలో వరంగల్ జిల్లాలో పత్తిచేలను పురుగు ముంచెత్తింది. మళ్ళీమళ్ళీ కొట్టినా మందులు పనిచేయలేదు. అప్పుతో కొన్న మందుడబ్బా ఇంటిలో మిగిలింది, పంట మిగలలేదు. తరువాతి పరిణామాలు చరిత్రకు తెలిసినవే.

ఆ కాలపు వైద్యసాక్ష్యాన్ని సి.హెచ్. శ్రీనివాసరావు తదితరులు 2005లో ప్రచురించారు. 1997 నుంచి 2002 వరకు ఆరేళ్ళలో వరంగల్‌లోని ఒక ప్రభుత్వాసుపత్రిలో పురుగుమందుల విషప్రభావంతో 8,040 మంది చేరారు. వారిలో 22.6 శాతం మరణించారు. 2002 నాటి సవివర లెక్కల ప్రకారం మూడింట రెండువంతుల మంది 30 ఏళ్ళలోపువారు, 57 శాతం పురుషులు. 96 శాతం కేసులు ఉద్దేశపూర్వకమైనవి. ఏ మందో తెలిసిన మరణాల్లో అధికభాగానికి మోనోక్రోటోఫాస్, ఎండోసల్ఫాన్ కారణం.

పురుషులు 57 శాతమైతే, మిగిలిన 43 శాతం స్త్రీలు. ‘రైతు ఆత్మహత్య’ అన్న పదబంధం సాధారణంగా అప్పులపాలైన పురుషుణ్ణి మన కళ్ళముందు నిలుపుతుంది. ఆసుపత్రి పడకల లెక్క అంతకంటె విశాలమైనది. ఇంటి మూలలో డబ్బా ఉన్నంతకాలం అది రైతుకు మాత్రమే కాక, ఆ ఇంటి కోడలికీ, చదువుకునే పిల్లలకూ క్షణికావేశంలో అందుబాటులో ఉంటుంది.

ఈ అధ్యయనంలో చికిత్సకు సంబంధించిన అంశం మరింత ముఖ్యమైనది. అధికశాతం రోగులకు అట్రోపిన్, ప్రాలిడాక్సిమ్ తక్కువ, స్థిరమైన మోతాదుల్లో అందాయి. కొందరికి వారు మింగిన మందుకు సంబంధంలేని విరుగుడు అందింది. నాడీశాస్త్ర దృష్టితో ఇది కీలకం. ఎండోసల్ఫాన్ ఆర్గానోక్లోరిన్ వర్గానికి చెందినది. అది ఎసిటైల్‌కోలినెస్టరేజ్‌ను తాకదు. మెదడులో ఉద్రేకాన్ని అదుపుచేసే గాబా సంకేతాన్ని అడ్డుకొని, ఆగని మూర్ఛలను కలిగిస్తుంది. దానికి అట్రోపిన్ గాని, ఆక్సిమ్ గాని విరుగుడు కావు. డయాజిపామ్ వర్గపు ఔషధాలతో మూర్ఛను ఆపడం, శ్వాసను కాపాడడం మాత్రమే మార్గం. పాత ఎండ్రిన్ కూడా ఇదే వర్గానిది. ‘పురుగుమందు’ అన్న ఒకే మాట కింద రెండు విరుద్ధమైన నాడీప్రక్రియలు దాగి ఉన్నప్పుడు, ఒకే చికిత్సాపత్రం రెండింటికీ సరిపోదు.

ఈ లోపాలను ఒక ఆసుపత్రికి పరిమితం చేసి చూడడం సరికాదు. ఆసియా గ్రామీణ ఆసుపత్రులు అనేకంలో పరిస్థితి ఇదే కావచ్చునని అధ్యయనకర్తలే పేర్కొన్నారు. ఏడాదికి వేయిమందికి పైగా విషరోగులు ఒకే చోటికి వచ్చినప్పుడు, ప్రతి కొద్ది నిమిషాలకు ఒక రోగి ఊపిరితిత్తులను వినడం, పూటపూటా తల ఎత్తించి చూడడం ఎందరు సిబ్బందికి సాధ్యమన్న ప్రశ్న అక్కడ ఎదురవుతుంది.

8. వార్డుకు వెలుపలి చికిత్స

శ్రీలంక ఈ విషయంలో మరొక దారి చూపింది. 1995 నాటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యంత విషపూరితంగా వర్గీకరించిన మందులను, 1998లో ఎండోసల్ఫాన్‌ను ఆ దేశం నియంత్రించింది. 1996–2005 మధ్య అక్కడ ఆత్మహత్యల రేటు సుమారు సగానికి తగ్గింది. విషప్రయత్నాలు పూర్తిగా ఆగలేదు. అందుబాటులో ఉన్న మందు తక్కువ విషపూరితమైనందున బ్రతికినవారు పెరిగారు.

భారతదేశంలో నియంత్రణ విడతలుగా, తరచు దుర్ఘటనల తరువాత వచ్చింది. కేరళలోని కాసరగోడ్‌లో జీడితోటలపై 2000 వరకు సాగిన ఎండోసల్ఫాన్ పిచికారీ, దాని పర్యవసానాలపై సాగిన ఉద్యమం నేపథ్యంలో 2011లో సుప్రీంకోర్టు ఆ మందును నిలిపివేసింది. 2013 జులైలో బీహార్‌లోని గండామన్ గ్రామంలో మోనోక్రోటోఫాస్ కలిసిన మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు మరణించారు. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్‌లో పత్తిచేలకు మందు కొడుతూ 20 మందికి పైగా చనిపోయారు. ఫోరేట్, ట్రైజోఫాస్, ఫాస్ఫామిడాన్ 2020 చివరికి నిషిద్ధమయ్యాయి. మోనోక్రోటోఫాస్ 36 శాతం ద్రావణం ఉపసంహరణకు 2023లో ఉత్తర్వు వెలువడింది. గండామన్‌కూ ఈ ఉత్తర్వుకూ మధ్య పదేళ్ళు గడిచాయి.

9. ముగింపు

• పురుగుమందుల నాడీ ఉపద్రవాలను వైద్యశాస్త్రం మూడవ దశ, మొదటి దశ, రెండవ దశ అన్న క్రమంలో గుర్తించింది. రోగి ఎంతకాలం బ్రతికి ఉన్నాడన్నదే ఏ దశ వైద్యుని కంటబడుతుందో నిర్ణయించింది.

• మధ్యంతర లక్షణసముదాయాన్ని గుర్తించడంలో పుణే, శ్రీలంక వైద్యుల పాత్ర ప్రధానమైనది. వనరులు తక్కువైన ఆసుపత్రులు కొత్త జ్ఞానాన్ని సృష్టించగలవనడానికి ఇది నిదర్శనం.

• విరుగుడు ఔషధాల చరిత్ర మూడు దశల్లోను అసంపూర్ణమే. అట్రోపిన్‌కు కండరం లొంగదు, ఆక్సిమ్‌కు కాలం లొంగదు, విలంబిత రుగ్మతకు ఔషధమే లేదు. ప్రాణాన్ని నిలిపినది ఎక్కువగా శ్వాసకు అందిన ఆసరా, నిరంతర పరిశీలన.

• వరంగల్ గణాంకాలు ఆత్మహత్యల చర్చను ఆసుపత్రి వార్డుకు విస్తరింపజేయవలసిన అవసరాన్ని తెలుపుతున్నాయి. విషం తాగిన ప్రతి మరణమూ తప్పనిసరి మరణం కాదు. చేరిన ప్రతి నలుగురిలో ముగ్గురికి పైగా బ్రతికారన్నది అదే లెక్కలోని రెండవ సగం.

విషం మింగినవారిలో చాలామంది ముప్పయ్యేళ్ళలోపువారు. క్షణికమైన నిర్ణయం తరువాత వారికి మొదటి గంటలో ఒకరు, మూడవ రాత్రి ఒకరు, మూడవ వారంలో ఒకరు పక్కన ఉండవలసి వస్తుంది. చికిత్సా చరిత్ర మొదటి గంట గురించి విస్తారంగాను, మూడవ రాత్రి గురించి ఆలస్యంగాను మాట్లాడింది. మూడవ వారంలో పాదాలు వేలాడుతూ ఇంటికి వెళ్ళిన మనిషి తరువాతి జీవితాన్ని నమోదు చేయడం తెలుగు ప్రాంతపు వైద్య, సామాజిక పరిశోధకుల ముందున్న పని.